సంత బొమ్మలో ఖాళీ జాగా

మా బావ పోయాడు. పోయి అప్పుడే రెండు నెలలు దాటిందట. నాకు తెలిసింది మొన్న మంగళవారం. గాజువాకలో నా బోర్డుల షాపు ముందు పోస్టుమాన్ సైకిలు ఆపి, నీలం రంగు విదేశీ ఉత్తరం చేతికిచ్చి, స్టాంపు మీద కొంగ బొమ్మ బాగుంది, చదివేశాక మా చిన్నదానికి ఇస్తావా అని అడిగాడు. ఇస్తానన్నాను. ఇంకా ఇవ్వలేదు.

నేను ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను. లారీల మీద, వర్క్‌షాపుల మీద, గోడల మీద, నీడలు పెట్టి మరీ రాస్తాను. రాయడం వేరు, చదవడం వేరు. లారీ వెనకాల పట్టేంత ఇంగ్లీషు దాటితే నాకు కొరుకుడు పడదు. అందుకని ఉత్తరం పట్టుకుని మా వీధి చివర హైస్కూలు మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన రెండు లైన్లు మనసులో చదువుకుని, కళ్ళజోడు తీసి, ముందు కూర్చోమన్నారు. పదేళ్ళుగా ఆ ఇంటికి వెళ్తున్నాను, ఎప్పుడూ గుమ్మంలో నిలబెట్టే మాట్లాడతారు. కూర్చోమనేసరికి నాకు విషయం తెలిసిపోయింది.

రాసింది బావ చెల్లెలు. యుగాండా దేశంలో, కంపాలా నుంచి ఒక పూట బస్సు ప్రయాణం చేస్తే వచ్చే ఊరి నుంచి. జ్వరం వచ్చిందట, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడట. ముప్పై ఆరేళ్ళు కూడా పూర్తిగా నిండలేదు. ఆ కబురు కాగితంలో సగం. మిగతా సగంలో ఆ పిల్ల నన్నొక ప్రశ్న అడిగింది, వాళ్ళమ్మ ముఖం గురించి. వాళ్ళమ్మను నేను ఏనాడూ చూడలేదు. అయినా ఆ ప్రశ్న నన్నే అడగాలి. ఎందుకు అడగాలో చెప్పాలంటే బావ గురించీ చెప్పాలి, నేను చేసిన ఒక వెధవ పని గురించీ చెప్పాలి. రంగులు తప్ప రాతలు తెలియని నాచేత ఈ నాలుగు ముక్కలూ రాయిస్తున్నది అదే.

బావ అంటే నా అక్కచెల్లెళ్ళ మొగుడని అనుకునేరు. మా వైపు మగాళ్ళు ఒకరినొకరు బావా అని పిలుచుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు. బస్సు కండక్టరూ బావే, వాడితో చిల్లర కోసం కొట్లాడేవాడూ బావే. కానీ ఆరడుగుల పైన ఉన్న ఆఫ్రికా మనిషి ఒకడు పొద్దున్నే మన షాపు ముందు నిలబడి ఆ మాట అంటే ఎవరికైనా దిమ్మ తిరుగుతుంది.

"బావా, కొంచెం టర్పెంటాయిలు ఇస్తావేటి? నాను రేపు తెచ్చీసి ఇచ్చెత్తాను" అన్నాడు.

నేను నిచ్చెన మీద ఉన్నాను. వెనకాల మనవాడెవడో మాట్లాడాడనుకుని, ఆ నల్లటి మనిషి భుజం మీంచి తొంగి చూశాను. ఎవరూ లేరు. అతనికి ఇది అలవాటే కాబోలు, నేను చూసుకోవడం అయ్యేదాకా ఓపిగ్గా ఆగి, మళ్ళీ మొదటినుంచీ అడిగాడు.

అతను ఇక్కడికి వచ్చింది డెబ్బైల మధ్యలో, యూనివర్సిటీలో కామర్సు చదవడానికి. వాళ్ళ దేశమే డబ్బిచ్చి పంపింది. చదువు అయ్యేసరికి అక్కడ యుద్ధం, ప్రభుత్వం మారిపోవడం, పంపినవాళ్ళు ఏమయ్యారో తెలియకపోవడం. పాస్‌పోర్టు గడువు తీరిపోయింది. హాస్టలు ఖాళీ చేసి, గాజువాకలో మా షాపుకు రెండు సందుల అవతల రేకుల గది తీసుకున్నాడు. కామర్సు డిగ్రీని ట్రంకు పెట్టె అడుగున వేసి బొమ్మలు వేసుకునేవాడు. బొమ్మలంటే రకరకాలు కావు. సంతలు. ఇన్నేళ్ళలో అతను సంత కాకుండా ఇంకేదైనా వేయడం నేను చూడలేదు. సముద్రం పక్కన ఇన్నేళ్ళున్నావు, ఒక్క పడవైనా వెయ్యవా అని నేను వేళాకోళం చేస్తే, పడవకి ఎల్లడానికి చోటుంటాది, దాని సంగతి అదే చూసుకుంటాది అనేవాడు.

ఆ తెలుగంతా సంతల్లో ఆడవాళ్ళ దగ్గర పట్టినదే. కొత్తవలస దాటాక ఒక ఊళ్ళో బుధవారం సంత, పరవాడ వైపు ఇంకోటి, కొండల దిగువన మరోటి. అతనికి వారాలు పేర్లతో కాక సంతలతో గుర్తుండేవి. గవర్నమెంటు ఆఫీసుకు వెళ్ళి అక్కడి గుమస్తాతో "నన్నెప్పుడు రమ్మంతారు?" అని అడిగితే ఆఫీసంతా పనులు మానేసి నవ్వేది. అతనూ నవ్వేవాడు. బయటికొచ్చాక మాత్రం నాకంటే నాలుగడుగులు ముందు నడిచేవాడు.

అతని పని పద్ధతి నాకు పూర్తిగా తిరగేసినట్టుండేది. నేను ముందు ముఖం వేస్తాను, తర్వాత మిగతాది. ముఖం కుదిరితే గిరాకీ కుదిరినట్టే. అతను సంత మొదలవకముందు గంట వెళ్ళేవాడు. అప్పటికి నేల ఖాళీగా ఉంటుంది. ఎవరి జాగా ఎక్కడో అక్కడ పెట్టిన రాళ్ళూ, గుంజలు పాతిన గుంతలూ, పోయిన వారం ఊడ్చిన చీపురు చారలూ, వాటిని సిమెంటు బస్తాల కాగితం మీద బొగ్గుతో గీసుకునేవాడు. జనం వచ్చాక బొగ్గు జేబులో వేసుకుని ఊరికే తిరిగేవాడు. మళ్ళీ అందరూ తట్టలు ఎత్తుకుని వెళ్ళిపోయాక ఇంకో గంట. "ముందు గంట, ఎనకాల గంట. బొమ్మ ఆ రెండింట్లోనే ఉంటాది బావా. నడుమంతా గోల" అనేవాడు. నిజానికి గోలంటే అతనికి ప్రాణం. ఆ గోల బొమ్మలో తెచ్చేవాడు కూడా. పాదాలు, తట్టలు, వంగిన నడుములు, తూకం పట్టిన చేతులు. ఎర్రమట్టి, పసుపు, అరటాకు పచ్చ. ఆ బొమ్మ ముందు నిలబడితే మనల్ని ఎవరో తోసుకుని వెళ్ళిపోతున్నట్టుండేది.

నా భార్య పోయిన మూడో ఏడు అది. షాపు వెనక షెడ్డులో నేనొక్కణ్ణే వండుకుని తింటుండేవాణ్ణి. అతని గదిలో పెద్ద గుడ్డ పరచడానికి చోటు చాలక, మా షెడ్డు గోడ వాడుకుంటానని అడిగాడు. వాడుకోమన్నాను. అలా ఒకే కప్పు కింద ఇద్దరం, అటు గోడకు సంత, ఇటు గోడకు లారీ బోర్డులు. రోజులో చాలా భాగం మాటల్లేకుండానే గడిచిపోయేది. మా ఆవిడ ఫోటో దండతో సహా గుమ్మం పైన ఉండేది. అతను లోపలికి వచ్చినప్పుడల్లా దానివైపు ఒకసారి చూసేవాడు. ఒక్కోసారి టీ చల్లారిపోయేదాకా చూసేవాడు. పెద్దాళ్ళంటే గౌరవం ఉన్న మనిషి అనుకునేవాణ్ణి. నా బుర్రకు అంతవరకే తోచింది.

పండగలొస్తే అతనికి దిక్కు తోచేది కాదు. షాపులన్నీ మూసేసి ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయేవారు. నేనూ మా తమ్ముడింటికి పోయేవాణ్ణి. రమ్మంటే నాలుగుసార్లు వచ్చాడు, అందరూ చుట్టూ చేరి చూడటం భరించలేక మానేశాడు. ఆ రోజుల్లో పోర్టు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడేవాడట. మొంబాసా నుంచి ఓడ ఏదైనా వచ్చిందా అని బయటికొచ్చే ఖలాసీలను అడిగేవాడు. మొంబాసాకీ అతని ఊరికీ రెండు రోజుల దారి. అయినా ఆ రేవు గాలి తగిలిన మనిషిని చూస్తే కొంత ఊరటగా ఉంటుందనేవాడు. ఒకసారి ఒకడు దొరికాడు. వాడి భాష ఇతనికి రాదు, ఇతని భాష వాడికి రాదు. ఇద్దరూ చెరో టీ తాగి విడిపోయారు. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఎందుకు నవ్వానా అనిపిస్తుంది.

"సంతలో అమ్మనోడిని, కొననోడిని నానొక్కన్నే. అయినా ఎందుకొచ్చినావని అక్కడ ఎవులూ అడగరు" అన్నాడొకసారి.

బుధవారం సంతలో చింతపండు అమ్మే ముసలావిడ ఒకామె ఉండేది. అతన్ని పక్కన కూర్చోబెట్టుకునేది ఆవిడే. మీయమ్మకి కబురెట్టినావా నాయనా అని ప్రతి వారం అడిగేది. పెట్టానని ప్రతి వారం చెప్పేవాడు. ఒక వారం నేను కూడా వెళ్ళాను. ముసలావిడ రాలేదు. పక్కన ఉల్లిపాయలు అమ్మే ఆమె తన జాగాతో పాటు ఆ జాగా కూడా ఊడ్చి, నీళ్ళు చల్లి, అలాగే వదిలేసింది. సంత కిక్కిరిసిపోతోంది, అక్కడ మాత్రం చాప పట్టేంత నేల శుభ్రంగా ఖాళీగా ఉంది. ఎందుకలా అని బావ అడిగితే, అప్పకి వొళ్ళు బాగోనేదు, వొచ్చే వారం వొస్తాది, దాని జాగాలో ఇంకోలు కూకుంటే బాగోదు కదా అంది. నేను పక్కన బెల్లం బేరంలో పడిపోయాను. అతను ఆ ఖాళీ ముందు సంత ఎత్తేసేదాకా కూర్చున్నాడు. పై వారం ముసలావిడ వచ్చింది, దగ్గుతూ.

ఆ ఏడే అతని తల్లి పోయిన కబురు వచ్చింది. ఐదు నెలలు తిరిగి తిరిగి వచ్చిన ఉత్తరం. తిరుగుబాట్లలో ఇల్లు కాలిపోయింది, ఊరు చెదిరిపోయింది, తల్లి ఎవరి పంచనో ఉండి పోయింది. ఇతను వచ్చేటప్పటికి మూడేళ్ళున్న చెల్లెల్ని ఆ మరుసటేడే దూరంగా పిన్నమ్మ ఇంటికి పంపేశారు. ఆ ఉత్తరం చదివాక అతను ఏడవలేదు. రెండు రోజులు షెడ్డుకు రాలేదు. మూడో రోజు వచ్చి, నా దగ్గర బ్యానర్ల గుడ్డ ఎనిమిది అడుగులు అడిగి తీసుకుని, గోడకు బిగించాడు.

అప్పుడే తల్లి గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆవిడ సంతలో కూర అరటికాయలు అమ్మేది. వాళ్ళకు అరటికాయే అన్నం. ఎడమ మోకాలు పైకి ముడుచుకుని కూర్చునేది. బేరం లేనప్పుడు అరటి నార చీల్చి సన్నటి తాళ్ళు పేనుతూ ఉండేది, ఎందుకు పేనుతోందో ఎవరికీ తెలియదు. లెక్క పెట్టేటప్పుడు పెదవులు కదిలేవి. కడుపుతో ఉన్న మనిషి వస్తే అడక్కుండానే ఒక కాయ ఎక్కువ వేసేది. నేను బోర్డు మీద గీతలు కొట్టుకుంటూ వినేవాణ్ణి. నెల రోజులు విన్నాను.

బొమ్మ తయారైంది. అతను వేసిన వాటిల్లో అంత పెద్దది లేదు. వాళ్ళ ఊరి సంత అది. గెలలు మోసుకొచ్చే సైకిళ్ళు, తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు, గంపల నీడలు. నాకు మా బుధవారం సంతలాగే కనిపించింది. నడిమధ్యలో మాత్రం ఏమీ లేదు. ఊడ్చిన నేల, చీపురు చారలు. నేను చూసి, అమ్మను ఇంకా వెయ్యలేదన్నమాట, చెయ్యి ఆడటం లేదు పాపం అనుకున్నాను.

ఆ సమయంలోనే కొత్తగా కడుతున్న ఒక కాలనీలో హాలు తయారవుతోంది. గోడకు పెద్ద బొమ్మ కావాలని ఒక ఆఫీసరు నా దగ్గరికి వచ్చి, షెడ్డులో బావ బొమ్మ చూసి అక్కడే నిలబడిపోయాడు. సోమవారం తన పైవాళ్ళను తీసుకొస్తానన్నాడు. బావకు ఇన్నేళ్ళలో వచ్చిన మొదటి అవకాశం అది. అతను ఊళ్ళో లేడు. పాస్‌పోర్టు కోసం వాళ్ళ దేశపు ఎంబసీకి ఢిల్లీ వెళ్ళాడు, రెండు వారాలు పడుతుందన్నాడు. ఆఫీసరు వెళ్తూ వెళ్తూ నడిమధ్యకు వేలు చూపించి, ఇక్కడేదో మిగిలిపోయినట్టుంది, ఎప్పుడు పూర్తవుతుంది అని అడిగాడు.

బోర్డులు రాసేవాడికి ఖాళీ అంటే భయం. గిరాకీ ఇచ్చినవాడు గజానికి ఇంతని ఇస్తాడు, అందులో జానెడు ఖాళీ కనిపిస్తే ఊరుకోడు. పువ్వో, తీగో, దణ్ణం పెట్టే చేతులో, ఏదో ఒకటి వెయ్యాల్సిందే. నా చేతులు ఆ నీళ్ళు తాగి పెరిగినవి. సోమవారానికి మూడు రోజులుంది. బావ తల్లి ఎలా కూర్చునేదో, ఏం చేసేదో నాకు తెలుసు కదా. స్నేహితుడి దుఃఖం నేను కాస్త పంచుకున్నట్టు ఉంటుందని కూడా అనుకున్నాను. ఎనామిల్ డబ్బా మూత తీశాను.

అంత శ్రద్ధగా నేను ఎప్పుడూ ఏదీ వేసి ఎరగను. ఎడమ మోకాలు ముడిచాను. చేతుల్లో నార పెట్టాను. తలకు గుడ్డ కట్టాను. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆలోచించలేదు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. చీరల షాపులకూ, నూనె మిల్లుకూ, ఐస్‌క్రీము బండికీ వేసి వేసి చేతికి పట్టుబడిపోయిన ముఖం ఒకటి నాకుంది. విశాలమైన కళ్ళు, కొద్దిపాటి నవ్వు. రంగు మాత్రం ముదురుగా కలిపాను. సోమవారం వచ్చినవాళ్ళందరూ ఆవిడనే చూశారు. బొమ్మకు ప్రాణం వచ్చిందన్నారు. నేను మీసం మెలేసుకోవడం ఒక్కటే తక్కువ.

బావ పది రోజుల తర్వాత పాస్‌పోర్టు లేకుండా వచ్చాడు. సంచీ దింపకుండానే బొమ్మ ముందు ఆగిపోయాడు. మట్టి రంగు సంతలో ఆవిడొక్కతే ఎనామిల్ మెరుపుతో కూర్చుని ఉంది.

"ఈవిడెవులు బావా?" అన్నాడు.

"మీ అమ్మ" అన్నాను. ఆఫీసరు వచ్చిన సంగతీ, హాలు సంగతీ గబగబా చెప్పుకొచ్చాను. అతను వింటున్నాడో లేదో తెలియలేదు. సంచీ నేల మీద పెట్టి దాని మీదే కూర్చున్నాడు.

"మాయమ్మ సేతులు నాకు గేపకమున్నాయి బావా. కూకునే తీరు గేపకముంది. మొకం ఒక్కటీ ఎంత తలిసినా రాదు. ఫోటో నేదు. ఇక్కడికొచ్చిన కొత్తల్లో ఉండేది, ఎప్పుడు పోయిందో తెలీదు. అందుకే ఆ జాగా ఊడ్సి ఒగ్గీసినాను."

టర్పెంటాయిలు గుడ్డ తీసుకుని బొమ్మ మీదికి వెళ్ళాను. అతను నా మణికట్టు పట్టుకున్నాడు. ఎనామిల్ ఎండిపోయింది, గీకితే కింద నేల కూడా ఊడొచ్చేస్తుంది. ఆ సంగతి అతనికంటే నాకే బాగా తెలుసు. గుడ్డ వాసన షెడ్డంతా నిండిపోయింది.

మర్నాడు ఆఫీసరు మనుషులు బొమ్మ కోసం వచ్చారు. బావ ఇవ్వనన్నాడు. వాళ్ళు వెళ్ళాక, ఎందుకు వదులుకుంటావు, తప్పు నాది, నీ అవకాశం ఎందుకు పోగొట్టుకోవాలి అని బతిమాలాను.

"ఆవిడ నాకు కొత్త బావా. కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకోనీ" అన్నాడు.

ఆ మాట ఇన్నేళ్ళూ నన్ను ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఎత్తిపొడుపు అనే అనుకున్నాను. బొమ్మను చుట్టుకుని తన రేకుల గదికి తీసుకెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. మా వైపు మనుషులం, నాలుగు మాటలు అనుకుంటే కడుపులో ఉన్నది పోతుంది. అతను ఒక్క మాట అనలేదు. రోజూ వచ్చి టీ తాగేవాడు, నిచ్చెన పట్టుకునేవాడు, నాకు జ్వరమొస్తే గంజి కాచిపెట్టాడు. తల్లి గురించి మాత్రం మళ్ళీ ఎన్నడూ మాట్లాడలేదు. కొత్త బొమ్మ వేస్తే అది తడిగా ఉండగానే గదికి పట్టుకుపోయేవాడు. షెడ్డులో అతని గోడ ఖాళీగా ఉండిపోయింది. దాన్ని నింపే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాతి ఏళ్ళలో అతను వేసిన సంతలన్నీ ఎత్తేసిన సంతలే. చెత్త, ఆకులు, దూరంగా వెళ్ళిపోతున్న వీపులు. చింతపండు ముసలావిడ పోయింది. పరవాడ వైపు సంత జాగా మారి రోడ్డు పక్కకు వచ్చేసింది. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరూ తగ్గిపోయారు. అతనికి ముప్పై దాటిందో లేదో తలలో తెల్లవెంట్రుకలు కనిపించాయి. నేను వేళాకోళం చేస్తే, ఎనామిల్ పడిందిలే అన్నాడు. ఆ విషయం మీద అతను ఆడిన వేళాకోళం అదొక్కటే. నాకు నవ్వు రాలేదు.

ఎనభై ఆరులో వాళ్ళ దేశంలో మళ్ళీ ప్రభుత్వం మారింది, ఈసారి పాస్‌పోర్టు వచ్చింది. స్టేషనులో దిగబెట్టడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. ట్రంకు పెట్టె, ఒక సంచీ, చంకలో చుట్టిన గుడ్డ. మిగతా బొమ్మలన్నీ రేకుల గది ఇంటివాళ్ళకు ఇచ్చేశాడు, ఇదొక్కటే తీసుకెళ్తున్నాడు. అదెందుకు బావా అంత బరువు అన్నాను. మా సెల్లికి సూపించాలి అన్నాడు. నేను చేసిన పాడు పని వాళ్ళ ఇంటిదాకా వెళ్తోందని సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించు అని అడగాలని ఆ రోజు బయల్దేరాను. రైలు కదిలేదాకా దారిలో తినడానికి ఏం కట్టుకున్నావు, నీళ్ళు పెట్టుకున్నావా అనే అడుగుతూ ఉండిపోయాను.

తర్వాత ఏడాదికొక ఉత్తరం వచ్చేది, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మన తెలుగు. మాస్టారు వాటిని పైకి చదువుతూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఏటి బావా, ఎలగున్నావు, ఇక్కడ సంతలు మళ్ళీ కడతన్నారు, అంతే. బొమ్మ మాట ఉండేది కాదు.

ఇప్పుడు ఆ చెల్లెలు రాసింది. బొమ్మ వాళ్ళ ఇంట్లో గుమ్మానికి ఎదురుగా ఉందట. అన్న తిరిగొచ్చేసరికి తనకు పదిహేనేళ్ళు. అమ్మ ఎలా ఉండేదో తనకు ఏమాత్రం గుర్తు లేదు. ఇదుగో అమ్మ అంటూ అన్నయ్య ఆ బొమ్మ విప్పి చూపించాడట. నేను చెప్తూ ఉంటే నా స్నేహితుడు వేశాడు అన్నాడట. పెళ్ళినాడు తను ముందు ఆ బొమ్మ దగ్గరికే వెళ్ళిందట. బొమ్మలో ఒక్క సంగతి మాత్రం ఆమెకు అర్థం కాలేదు. అమ్మ నుదుటి మధ్య ఎర్రటి చుక్క ఉంది. మా వాళ్ళెవరికీ అలా ఉండదు, అది దెబ్బా, పుట్టుమచ్చా అని అడిగింది. అన్నను అడిగినప్పుడల్లా, వేసినవాణ్ణే అడుగు అని నవ్వేవాడట. ఇప్పుడు అన్న లేడు. నాకు కూతురు పుట్టింది, రోజూ దాని నుదురు చూసుకుంటున్నాను, మీకు తెలిస్తే చెప్పండి అని రాసింది.

మాస్టారు చదవడం ఆపి నావైపు చూశారు. బొట్టు. నేను పెట్టినట్టు నాకే తెలియదు. ఇరవై ఏళ్ళలో ఆడమనిషి ముఖం వేసి బొట్టు పెట్టకుండా కుంచె కడిగిన రోజు లేదు. యుగాండాలో అరటికాయలు అమ్ముకునే తల్లికి గాజువాక బొట్టు పెట్టి కూర్చోబెట్టాను. బావ దాన్ని మొదటి రోజే చూసి ఉంటాడు. ఐదేళ్ళు తన గదిలో చూసి ఉంటాడు. నవ్వేవాడు అన్న ముక్క మాస్టారి చేత మళ్ళీ చదివించుకున్నాను. ఆయన ఇంట్లోనే, వాళ్ళావిడ చూస్తుండగానే ఏడ్చాను.

జవాబు రాయడానికి నాలుగు రోజుల నుంచి కూర్చుంటున్నాను. ఆ చుక్క మీ అమ్మది కాదమ్మా, నాది, ఆ ముఖం కూడా నాదేనని మొదటి లైనులోనే చెప్పాను, మాస్టారు ఇంగ్లీషు చేశారు. నాకు నిజంగా తెలిసినవన్నీ చెప్పాను. మోకాలు, నార తాళ్ళు, లెక్కపెట్టేటప్పుడు కదిలే పెదవులు, కడుపుతో ఉన్నవాళ్ళకు వేసే ఎక్కువ కాయ. నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆవిడ తనకు తాను కూడా ఒకటి ఎక్కువ వేసుకుని ఉంటుందని రాయబోయి, అది నాకు తెలియదు కదా అని కొట్టేయించాను.

చదువరులకు నాదొక మనవి. నా దగ్గరికి వచ్చేసరికే బావ ఆ ముఖం మరిచిపోయాడు. వచ్చిన కొత్తల్లో ఫోటో ఉండేది అన్నాడు. హాస్టల్లో అతనితో ఉన్నవాళ్ళు, తరగతిలో పక్కన కూర్చున్నవాళ్ళు, ఏ సంతలోనైనా అతనికి ఇంత నీడ ఇచ్చినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. మా అమ్మ ఇలా ఉంటుంది అని అతను మీతో ఎప్పుడైనా అని ఉంటే, ఒక్క ముక్క చాలు, ముక్కు గురించైనా, చెవుల గురించైనా, ఈ పత్రికకు రాస్తే నాకు చేరుతుంది.

ఉత్తరం చివర మిగిలిన చోట నిన్న ఆవిణ్ణి మళ్ళీ వేశాను, చిన్నగా, నీళ్ళ రంగులతో. మోకాలు, చేతులు, నార, తలగుడ్డ. తలగుడ్డ కింద కాగితాన్ని అలాగే వదిలేశాను. కుంచె కడగబోతుంటే చెయ్యి దానంతటది ఎరుపులో ముంచుకుని, నుదురు ఉండాల్సిన చోటుకు వెళ్ళిపోయింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని ఆపాను. రంగు ఎండేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.